పిండి గిర్నిలో చల్లారిన గాజు

కంప్యూటరు మీద పని చేయాలనుకున్నవాడికి ఆ రోజుల్లో కంప్యూటరు దొరకడమే అసలు పని. నేను హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్న తొంభైల మొదట్లో మా డిపార్టుమెంటు మొత్తానికి రెండే ఉండేవి. గది బయట వేలాడే కాగితంలో పేరు రాసుకుని వంతు కోసం క్యాంటీన్లో చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లం. (నా పరిశోధనలో సగభాగం క్యాంటీన్లోనే జరిగిందంటే మా సార్ ఒప్పుకోరు గానీ అది నిజం.) నా విషయం గాజు. కొలిమి లేకుండా, ఊదే గొట్టం లేకుండా, ఒట్టి లెక్కలతో గాజు చేయడం. కరిగిన పదార్థంలో అణువులు సంతలో జనంలా అటూ ఇటూ తిరుగుతుంటాయి. బాగా నిదానంగా చల్లారిస్తే వరుసల్లో సర్దుకుంటాయి. వరుస కుదిరేలోపే చల్లారిస్తే ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, అదే గాజు. ఒక్కొక్క అణువు ఎటు కదులుతుందో కంప్యూటరు లెక్కవేస్తూ పోతుంది. ఎంత నిదానంగా చల్లార్చాలంటే అంత ఎక్కువ సేపు లెక్క నడవాలి. నేను అప్పటిదాకా చేసినవన్నీ హడావిడి గాజులే; నిజం గాజుకు దగ్గరవ్వాలంటే, వరుస కుదరనంత మేరకే అయినా, ఇంకా నిదానం కావాలి. దసరా సెలవులకు ముందు మా సార్ కళ్లజోడు తీసి, "నిదానంగా చల్లార్చిన గాజు ఒక్కటి చేసి తీసుకురా, అప్పుడు సంతకం పెడతాను" అన్నారు. సెలవులు అయిన మర్నాడే థీసిస్ ఇవ్వడానికి ఆఖరి తేదీ. అది ఇస్తేనే, ఒక పరిశోధనశాలలో నాకు ఇస్తామన్న ఉద్యోగం నాది. సెలవుల్లో కంప్యూటరు గదికి తాళం.

అప్పుడు గుర్తొచ్చింది నారాయణఖేడ్‌లో మా మేనమామ గిర్ని. మామ జొన్నలు, గోధుమలు పట్టే మనిషి. రెండేళ్ల కింద నా మాట విని, ఊళ్లో కంప్యూటరు నేర్పే బడి పెడదామని ఒకటి కొన్నాడు. నేర్చుకుంటానని ఒక్కరూ రాలేదు. గిర్ని ముందుగదిలో పూల గుడ్డ కప్పుకుని అది అట్లాగే కూర్చుని ఉంది. నేను ఫ్లాపీలు సంచిలో వేసుకుని, బస్సు దిగి సరాసరి గిర్నికి వెళ్లి ఆ ముసుగు తీసేసరికి మామ మొహం విప్పారింది. "ఇన్ని దినాలకు దీనికి గిరాకీ వచ్చింది" అన్నాడు.

ఆరు రోజుల లెక్క. నాలుగు వేల డిగ్రీల దగ్గర మొదలుపెట్టి మూడు వందలకు దించాలి. దసరా పొద్దునకల్లా అయిపోతుంది. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. మధ్యమధ్య లెక్కను డిస్కులో దాచుకునే నాలుగు లైన్లు నా ప్రోగ్రాములో ఉండేవి. అవి ఉంటే కొంచెం ఆలస్యమవుతుందని నేనే కొట్టేశాను. కొట్టేసి నాకు నేనే మురిసిపోయాను కూడా. దాని అర్థం, ఆరో రోజున ఆఖరి నిమిషంలో కంప్యూటరు ఒక్క క్షణం ఆరిపోయినా మళ్లీ నాలుగు వేల డిగ్రీల దగ్గరికే. మళ్లీ చేయడానికి ఆరు రోజులు నా దగ్గర లేవు.

కరెంటు పోదా అంటే, నారాయణఖేడ్‌లో కరెంటు పోవడం ఒక వార్తే కాదు. కంప్యూటరుతోపాటు కొన్న బ్యాటరీ పెట్టె ఇరవై నిమిషాలు ఆదుకునేది. ఆలోగా మామ గిర్ని వెనక ఉన్న డీజిల్ జనరేటర్‌కు హ్యాండిల్ తగిలించి గిర్రున తిప్పేవాడు. మొదటి నాలుగు రోజుల్లో మూడుసార్లు అట్లా గట్టెక్కాం. నేను అక్కడే చాప పరుచుకున్నాను. మామ గంటకోసారి వచ్చి, పిండి చేతులు దులుపుకుని, "ఎంతకొచ్చింది అల్లుడా?" అని అడిగేవాడు. "రెండు వేలు మామా." తెర మీద చెయ్యి ఆనించి చూసి, "ఏంది, సల్లగనే ఉన్నది గదా" అనేవాడు.

మహానవమి రోజు పొద్దున తెర మీద తొమ్మిది వందలు. నేను పళ్లు తోముకుని వచ్చేసరికి గిర్ని మొత్తం కడిగి ముగ్గులు పెట్టి ఉంది. పిండి పట్టే రాయికి, త్రాసుకు, పానాలకు, వెనక జనరేటర్‌కు బంతిపూల దండలు. మామ పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఇగ బంద్ చెయ్యి అల్లుడా. పూజల పెట్టాలె."

మా వైపు నవమి నాడు పనిముట్లన్నిటినీ పూజలో కూర్చోబెడితే, మళ్లీ దసరా పొద్దునే లేపడం. ఆ ఒక్క రోజు ఏ పనిముట్టూ పని చేయకూడదు. ఇది నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు ఆ రోజు బలపం కూడా ముట్టకుండా హాయిగా తిరిగినవాణ్ణే. కానీ అణువుల లెక్కలో పడి దసరా ముందు నవమి ఉంటుందనే మరిచిపోయాను.

"బంద్ చేస్తే అంతా పోతది మామా. ఐదు దినాల పని."

"రేపు పొద్దుగాల మల్ల లేపుతం గద. ఒక్క దినమే."

"ఒక్క నిమిషం కూడా ఆపొద్దు."

మామ చేతిలో పళ్లెం అట్లాగే ఉంది. ఆయన తండ్రి పెట్టిన గిర్ని అది. నవమి నాడు దాని చప్పుడు ఎన్నడూ ఎవరూ వినలేదు. అంతకుముందు ఏడు పెళ్లివాళ్లు బండెడు గోధుమలు తెస్తే, రేపు రమ్మని పంపేసిన మనిషి. ఆయన మాటంటే ఊళ్లో ఒక విలువ. మమ్మల్ని చూసి చూసి, గడపలో పూలు గుచ్చుతున్న అమ్మమ్మ తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది.

"అది పనిముట్టెట్లయితదిరా? కోస్తదా, పిండి పడ్తదా? రెండేండ్ల సంది ముసుగేసుకొని కూసున్నది. పని చేసేటియి వేరే. దానికి బొట్టు వెట్టి ఇడిషిపెట్టు."

నా శాస్త్రాన్ని అంత తేలిగ్గా తీసిపారేసినందుకు కోపం రావాలి. ఆమె కాళ్లు మొక్కాలనిపించింది. మామ కొంచెం ఆలోచించి, నడుస్తున్న కంప్యూటరు నుదుటనే బొట్టు పెట్టి వెళ్లిపోయాడు.

మిట్టమధ్యాహ్నం, తెర మీద ఎనిమిది వందలు ఉండగా, నెత్తిమీద ఫ్యాను ఆగింది. బ్యాటరీ పెట్టె కుయ్ మంది. నేను వెనక్కి పరుగెత్తాను. జనరేటర్ మెడలో దండ, ముందు కొబ్బరి చిప్పలు. నా వెనకే వచ్చిన మామ వాటిని చూసి ఆగిపోయాడు.

"పూజల కూసోవెట్టినదాన్ని ఎట్ల లేపుతరురా?"

"ఇరవై నిమిషాలే మామా!"

"కరెంటొస్తదేమో జర ఆగు."

ఆగాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. వీధి చివరిదాకా వెళ్లి చూశాను, ఊరంతా లేదు. తిరిగొచ్చి, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుపడే మాట అన్నాను. "అది ఇనుము మామా. దానికేం తెలుస్తది పండుగని?"  మామ మొహం చిన్నబోయింది. నేను వెళ్లి కంప్యూటరు ముందు కూలబడ్డాను. కుయ్ కుయ్ మధ్య ఎడం తగ్గుతోంది. ఏడు వందల తొంభై ఆరు. ఇరవై ఆరేళ్లవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, పండగ పూట మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఎంతసేపటికో వెనక హ్యాండిల్ తగిలించిన చప్పుడు. లేచి వెళ్లి చూస్తే, మామ దండ తీసి మేకుకు తగిలించి, జనరేటర్‌కు రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. మొదటిసారి తిప్పితే జనరేటర్ దగ్గి ఊరుకుంది. రెండోసారీ అంతే. మూడోసారికి ఊరంతా వినబడేలా దడదడమంటూ లేచింది. నేను మీట వేశాను. కుయ్ కుయ్ ఆగిపోయింది.

గండం గడిచిందనుకున్నాను. గిర్ని జనరేటర్ చప్పుడు వింటే ఖేడ్‌లో ఎవరికైనా ఒకటే అర్థమని మా ఇద్దరికీ తట్టనే లేదు. పది నిమిషాల్లో గుమ్మం ముందు డబ్బా చప్పుడు. బోరంచ నుంచి కోడలుగా వచ్చి, ముసలిదయ్యేదాకా అదే పేరుతో ఉండిపోయిన బోరంచమ్మ జొన్నల డబ్బా నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకో ఐదుగురు.

"నిన్న మాపటికి వస్తే రాయి కడిగిన అంటివి, రేపు నవమి అంటివి. గిప్పుడెట్ల నడుస్తున్నది?"

"పిండి పడ్తలేనమ్మా," అన్నాడు మామ. "గా కంప్యూటర్ కోసం. మా అల్లుడు గాజు సల్లారవెడ్తుండు."

ఆమె డబ్బా దించి లోపలికి వచ్చి, తెర మీది అంకెలను, కింద బల్లను, నన్ను వరసగా చూసింది.

"ఏడున్నది గాజు?"

"కనబడదు అవ్వా, లెక్కలనే ఉంటది" అన్నాను.

"కనవడని గాజుకు లేపుతవు, కనవడే జొన్నలకు లేపవు. మాకేనా నవమి? మీ అల్లునికి లేదా?"

వెనక నుంచి ఎవరో "గదే మరి" అన్నారు. మామ చెవులు ఎర్రబడ్డాయి. జనరేటర్ ఆపితే నా పని అయిపోతుంది. నడిపితే, అంత కాలం నిలబెట్టుకున్న ఆయన మాట ఊళ్లో పోతుంది. ఏదో ఒక సాకు చెబుతాడనుకున్నాను. మామ చేతులు జోడించాడు.

"తప్పే చేసిన. పోరడు ఏడుస్తుండు. సూడలేకపోయిన."

బోరంచమ్మ వంగి నా మొహంలోకి చూసింది. "గింత మీసాలొచ్చినోడు ఏడ్చిండా?" అని, పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు. నాకు మీసం ఉన్నందుకు నేను అంతగా బాధపడిన రోజు ఇంకొకటి లేదు. "సరే సల్లారనియ్యి. రేపు మొదలు నా డబ్బనే పట్టాలె" అని ఆమె అక్కడే కూలబడింది. ఆరుగురు ఆడవాళ్లు డబ్బాలు ముందు పెట్టుకుని, కరెంటు వచ్చేదాకా, రెండు గంటలసేపు, "ఎంతకొచ్చింది?" అని అడుగుతూనే ఉన్నారు. నా థీసిస్ మీద అంత శ్రద్ధ తర్వాత పరీక్షకులు కూడా చూపించలేదు.

దసరా పొద్దున మూడు వందలకు వచ్చి లెక్క ఆగింది. గాజు కుదిరింది. మా సార్ దాన్ని గ్రాఫులో ఒక చుక్కగా పెట్టించి, "పెద్ద తేడా ఏం లేదే" అని సంతకం పెట్టారు. థీసిస్ ఇచ్చాను, ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగమే ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టింది.

బంగారు అక్షరాల అట్టతో థీసిస్ పట్టుకుని ఖేడ్ వెళ్తే మామ చేతులు కడుక్కుని వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "మన గిర్ని ముచ్చట రాసినవా?" అని అడిగాడు. రాయలేదు. పిండి గిర్నిలో చేశానంటే పెద్దలు నవ్వుతారని భయపడి, కృతజ్ఞతల పేజీలో మా యూనివర్సిటీ కంప్యూటరు గదికి ధన్యవాదాలు చెప్పాను, ఆ రోజుల్లో తాళం వేసి ఉన్న గదికి. ఇంగ్లీషు రాని మామకు ఆ వాక్యం మీదే వేలు పెట్టి, "గిదే మామా" అన్నాను. ఆయన ఆ పేజీని జిరాక్స్ తీయించి, పటం కట్టించి, త్రాసు మీద గోడకు వేలాడదీశాడు. వచ్చిన గిరాకీకల్లా చూపించేవాడు. నేను ఎన్నిసార్లు వెళ్లినా ఆ గోడవైపు చూడకుండా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

కిందటేడు ఇక ఉండబట్టలేక, "మామా, దాంట్ల మన గిర్ని పేరు లేదు" అని చెప్పేశాను.

మామ జొన్నలు చెరుగుతూనే ఉన్నాడు. "ఎర్కే. పటం కట్టిచ్చిన నెలలనే కాలేజీ సారు గోధుమలు తెచ్చి సదివి చెప్పిండు."

"మరి తీసెయ్యలేదేంది?"

"తీస్తే, ఎందుకు తీసినవని అడుగుతరు గద. నీ ఇజ్జత్ వోదా?" అన్నాడు, చాట పక్కన పెట్టి. "ఆ సారుకు సుత చెప్పిన, ఎవరికి అనకుమని."

ఆ పటం అద్దం మీద పిండి దట్టంగా పేరుకుని, ఒక్క అక్షరం కనబడటం లేదు. చేతి రుమాలు తీసి తుడవబోయి, ఆ ఇరవై ఆరేళ్ల మీసాలవాడి మీద నవ్వొచ్చి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను.