ఎత్తి దించే చెయ్యి

ఒళ్ళు అలిసిపోయిన రోజున నాకిప్పటికీ ఒక చెయ్యి గుర్తొస్తుంది. పంజాగుట్టలో ఎమ్మారై స్కాన్ తీసే అతనిది. తలనొప్పికని వెళ్ళి ఆ మిషన్లో పడుకుంటే, ముఖం మీది చిన్న అద్దంలో గాజు కిటికీ అవతలున్న అతని చెయ్యి కనిపించింది. ఊపిరి పీల్చమని ఎత్తేవాడు, వదలమని దించేవాడు.

స్కాన్ అయ్యాక తెర మీద మెదడు చుట్టూ ఉన్న నీళ్ళు చూపించాడు.

"ఊపిరి పీల్చినప్పుడల్లా, గుండె కొట్టుకున్నప్పుడల్లా గీ నీళ్లు కదుల్తయక్కా. నిద్రల మస్తు తిరిగి, మెదడుల చెత్తంత కడుగుతయ్. జర మంచిగ పండుకో."

"మరి నువ్వు పడుకుంటున్నావా బాబూ?"

ఎర్రటి కళ్ళతో నవ్వాడు. "రెండు డ్యూటీలక్కా. అమీర్‌పేట రూముకు పోయి పండుకునేసరికే మళ్ల ఫోనొస్తది."

కొన్నాళ్ళకి ఓ సాయంత్రం అతను పంజాగుట్టలో నేనున్న మెట్రో ఎక్కి నా పక్కనే కూలబడ్డాడు. నన్ను గుర్తుపట్టలేదు. తర్వాతి స్టేషనే అమీర్‌పేట, అతను దిగాల్సింది. ఆ రెండు నిమిషాల్లోనే కమ్మీకి తల ఆనించి నిద్రపోయాడు. స్టేషనొచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. లేపుదామని చెయ్యి ఎత్తాను.

అతని ఊపిరి నింపాదిగా ఆడుతోంది.

చెయ్యి దించేశాను.