తంగేడుకు చెవులుంటాయి

మేడ్చల్ మార్కెట్లో బతుకమ్మకు ముందు తంగేడు పూల కట్టలు దిగగానే, ఆ పచ్చి, కాస్త చేదు వాసనకు నా కాళ్లు ఆగిపోతాయి. ఒక కట్ట తీసుకుని, పూలను వదిలేసి ఆకు మొదలు తడిమి చూస్తాను. వంకలు వెతుకుతున్నాననుకుని అమ్మేవాళ్లు మొహం ముడుచుకుంటారు. వాళ్ల తప్పు లేదు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, దేన్నైనా ముందు ధరతోనే పలకరించేవాణ్ణి. వస్తువును చూడటం నేర్పింది హసీనా ఆపా.

అలియాబాద్‌లో మా కొట్టుకు ఎదురిల్లు ఆమెది. చిన్నాపెద్దా అందరికీ ఆపానే, అంటే అక్క. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చుట్టుపక్కల గుట్టలన్నీ ప్లాట్లయ్యాక, మా గల్లీ ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు దొరక్క కాగితం పూలు పేర్చడం చూసి ఆమె మనసు ఊరుకోలేదు. తన ప్రహరీ వెంట పెంచుతానని, మొక్క తెమ్మని నన్ను పంపారు. శామీర్‌పేట రోడ్డు నర్సరీలో పసుపు పూలు కనబడ్డ మొక్కకు బేరం మొదలుపెట్టాను. పేరు అడగడానికి నాకు తీరికేది? సగం ధరకు మొక్క, పైన కుండీ ఊరికే సాధించి విజయగర్వంతో తెచ్చాను. ఆపా కళ్లజోడు సర్దుకుని ఆకు మొదలు చూశారు.

“బేరం మస్తు జేసినవ్ బేటా. గని ఇది తంగేడు గాదు. దీనికి చెవులేవి?”

ఊరి చివర మిగిలిన ఒకే ఒక్క పొద దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. ప్రతి ఆకు మొదట్లో చిన్న చెవుల్లాంటి గుండ్రటి రేకులు. అప్పటికే ఆ పొలంలో జేసీబీ నేల చదును చేస్తోంది. పొదను తవ్వి తీసుకుపోదామన్నాను. తల్లివేరు లోతుకు పోయింది, పెకిలిస్తే బతకదన్నారు. గింజలు తీద్దామంటే కాయలు ఇంకా పచ్చివి.

“ఇగ నీ బేరం గీడ జెయ్యి,” అన్నారు.

అవతలి వైపు నుంచి మొదలుపెట్టి ఈ పొదను చివరికి ఉంచితే, అన్నాళ్లూ చాయ్ మా కొట్టు నుంచే వస్తుందని డ్రైవర్‌తో అన్నాను. అతను బిస్కెట్లు కూడా అడిగాడు. జన్మలో మొదటిసారి మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. మీ నాయిన జూస్తే కొట్టుల నుంచి ఎల్లగొడ్తడని ఆపా ఒకటే నవ్వు.

కాయలు గోధుమరంగుకు తిరిగి గలగలమన్నాక కోసుకున్నాం. ఆ వారమే పొద పోయింది. గట్టి పెంకు మెత్తబడాలని గింజలను వేడినీళ్లలో నానేసి, కుండీల్లో కాకుండా నేరుగా ప్రహరీ వెంట నాటించారు. మొలకలొచ్చాక నేను రోజూ నీళ్లు మోస్తుంటే ఆపేశారు.

“అది నీ కొట్టుకొచ్చే గిరాకీనా, పొద్దుగాల్ల లేసి మర్యాద జేస్తందుకు? ఎండ తిననియ్యి దాన్ని.”

ఆపా ఇప్పుడు లేరు. ప్రహరీ వెంట పొదలు గోడను దాటాయి. బతుకమ్మ రోజుల్లో పిల్లలు వస్తే పూలు ఊరికే కోయనివ్వను. ముందు చెవులెక్కడున్నాయో చూపించాలి. ఆ ధర మాత్రం ఎవరికీ తగ్గించను.