అవ్వ సగంలో ఆపిన మాట

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను ఊరుకోను. చెప్పబోయేది నిజంగా జరిగింది... నాకే జరిగింది. కావాలంటే మా ఇంటి మీద ఒట్టు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒకరు కట్టుకుని, కాపురం చేసి, అమ్మిన ఇంటిని కొని చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అది నేను చూశాను.

మా ఇల్లు ఎయిర్‌పోర్టు పక్కన మామిడిపల్లిలో. అంతకుముందు ఆరాంఘర్ దగ్గర అద్దెకుండేవాళ్ళం. మా వారిది ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం, షిఫ్టులు. ఆయన ఫ్లాటు కొందామంటారు. నాకేమో కాస్త మట్టి, పెరడు, ఒక జామచెట్టు కావాలి. చాలాకాలం వాదించుకున్నాక నేనే గెలిచాను. కానీ ఆయన ఊరికే ఓడిపోయే మనిషా?

"చూడు పద్మా, నాకు నైట్ షిఫ్టులుంటాయి. ఆ పాతింట్లో నువ్వొక్కదానివే పడుకోవాలి. మొదటి రాత్రే భయమేస్తోందని ఫోన్ చేశావనుకో... ఇల్లు అద్దెకిచ్చేసి ఫ్లాట్‌లోకి వెళ్ళిపోదాం. సరేనా?"

"చచ్చినా చెయ్యను," అన్నాను.

ఆ మాట అన్నందుకు నిజంగానే అంత పనీ అయ్యేది. అదే చెబుతున్నాను.

ఇల్లు అమ్మినాయన యాదయ్య, ఆ ఊరి రైతు. తుక్కుగూడలో కొత్తిల్లు కట్టుకుని అక్కడికి మారుతున్నారు. ఆ కుటుంబం మర్యాద గురించి చెప్పకపోతే నాకు కళ్ళు పోతాయి. ఇల్లు ఖాళీ చేస్తూ బల్బులూ కుళాయిలూ కూడా విప్పుకుపోయేవాళ్ళను చూశాను నేను. వీళ్ళు బల్బులు ఉంచారు, బాత్‌రూములో బకెట్టు, మగ్గు ఉంచారు, పైన ట్యాంకు నిండా నీళ్ళు పట్టి ఉంచారు. పెరట్లో చిక్కుడు పందిరి అప్పుడే కాపుకొచ్చింది. "కాపు అయ్యేదాకా మీరే కోసుకోండి" అని మేమంటే, "ఇల్లు మీదైనంక కాయ మాదెట్లయితదక్కా" అని యాదయ్య ఒప్పుకోలేదు. చివరికి సగం సగం అని రాజీ కుదిరింది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ చిక్కుడుకాయల దగ్గర పోట్లాడుకున్నది బహుశా మా ఒక్కరి విషయంలోనే అయి ఉంటుంది.

ఇక యాదయ్య తల్లి బాలమ్మ. తాళాలు ఇచ్చే రోజు నేను "పెద్దమ్మగారూ" అని పిలిస్తే కోప్పడింది.

"గారేంది బిడ్డా? అవ్వ అను."

అని నా చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పింది. ఏ తలుపు ఎత్తి తియ్యాలో, ఏ కిటికీ తోసి వెయ్యాలో చెప్పింది. కొత్త కోడలికి అత్తింటివాళ్ళ స్వభావాలు చెప్పినట్టు చెప్పింది.

"పెద్ద ఇమానం పోతే వంటింట్ల గిన్నెలు గల్లుమంటయి. దొంగ గాదు, బుగులు పడకు. వాన పడితే ఎనుక అర్ర తలుపు దానంతటదే తెర్సుకుంటది, పీట అడ్డం పెట్టు. మిద్దె మీద రాత్రి మనిషి నడిచినట్టు ఇనొస్తది... అది పిల్లి. బాగ బలిసింది."

చెబుతూ చెబుతూ ప్రతి గుమ్మాన్నీ చేత్తో నిమిరింది. ఒకచోట ఆగి, నాతో కాదు, గుమ్మంతో అంది. "కొత్తోళ్ళు మంచోళ్ళే. నువ్వు మంచిగ చూస్కో." నాకు నవ్వొచ్చింది.

ఆఖరున వెనక వరండాలోకి వచ్చాం. అక్కడ గోడకు మోటారు స్విచ్చు, పక్కనే ట్యాంకుకు పోయే ఇనప గొట్టం, మూల ఒక రోలు. అవ్వ రోలు దగ్గర నిలబడింది. "వాన పడ్డప్పుడు మాత్రం జర..." అంది. అని ఆగిపోయింది.

నెత్తి మీద విమానం. చెవులు చిల్లులు పడే మోత. అవ్వ నన్ను చూస్తూ అరచెయ్యి పైకెత్తింది.

దీవిస్తోందనుకున్నాను! చటుక్కున వంగి కాళ్ళకు దండం పెట్టాను. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, మళ్ళీ నవ్వి, "సల్లగుండు బిడ్డా" అని నా తల మీద చెయ్యి పెట్టింది. బయట ట్రాలీ ఆటో హారన్ కొట్టింది. యాదయ్య "అమ్మా, సామానెక్కించినం, రావే" అని కేకేశాడు. అవ్వ వెళ్ళిపోయింది. మాట సగంలో ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు.

పాలు పొంగించాం. చుట్టాలు వచ్చారు, తిన్నారు, స్నానాలు చేశారు, సాయంత్రానికి వెళ్ళిపోయారు. మా వారు షిఫ్టుకు బయల్దేరుతూ గేటు దగ్గర ఫోను చూపించి ఊపారు. నేను మొహం తిప్పుకున్నాను.

చీకటి పడింది. వాన మొదలైంది. మామూలు వాన కాదు... ఆకాశానికి చిల్లు పడిన వాన.

మొదట వంటింట్లో గల్లుమంది. ఆ వెంటే విమానం మోత. "ఓహో, గిన్నెలా!" అనుకున్నాను. కాసేపటికి వెనక గది తలుపు... కిర్ర్... ర్... మని దానంతట అదే తెరుచుకుంది. నేను దర్జాగా వెళ్ళి పీట అడ్డం పెట్టి వచ్చాను. తర్వాత మిద్దె మీద అడుగులు. ధప్... ధప్... అచ్చం మనిషే. "తిండి తగ్గించవే!" అని పైకి చూసి అరిచాను. అడుగులు ఆగాయి. చెబితే నమ్మరు, ఆ రాత్రి నాకు భయం వెయ్యకపోగా మహా సరదాగా ఉంది. అవ్వ చెప్పిన పాఠం అంతా వరసగా అప్పగిస్తున్నట్టుంది ఇల్లు. మా వారి ఫ్లాటు గోవిందా అనుకుని, పడుకునే ముందు మొహం కడుక్కుందామని వెళ్ళాను.

మొహం నిండా సబ్బు. కళ్ళు మూసుకుని కుళాయి తిప్పాను. బుస్... స్... మంది. చుక్క నీళ్ళు లేవు. చుట్టాల స్నానాలకు ట్యాంకు ఖాళీ.

తప్పేదేముంది, మోటారు వెయ్యాలి. ఒక కన్ను సగం తెరిచి, గోడ పట్టుకుంటూ వెనక వరండాలోకి వెళ్ళాను. చెప్పుల్లేవు. కాళ్ళ కింద వాన జల్లుకు తడిసిన బండలు. చేతులు తడి. సబ్బు కంట్లోకి దిగి మంట. వాన వాసన... చిక్కుడాకు పచ్చి వాసన... స్విచ్చు ఎక్కడుందో చేత్తో వెతుకుతున్నాను. వేలికి స్విచ్చు పెట్టె అంచు తగిలింది.

అప్పుడు విమానం వచ్చింది.

బాగా కిందనుంచి. వంటింట్లో గిన్నెలు గల్లుమన్నాయి. ఆ మోతకు ఎందుకో నా చెయ్యి ఆగింది. మోత వెళ్ళిపోయింది. దూరమైంది... ఇంకా దూరమైంది... తర్వాత వాన చప్పుడు కూడా వినిపించలేదు నాకు. ఎంతసేపో తెలియదు. ఇల్లు ఊపిరి బిగబట్టినట్టుంది.

రోలు ఉన్న మూల నుంచి...

"...మోటర్ ఎయ్యకు బిడ్డా. గోడకు కరెంటొస్తది."

ఆడగొంతు. గట్టిగా కాదు. పక్కన నిలబడి పిల్లకు పని నేర్పుతున్నట్టు, నిమ్మళంగా. అంతే. ఇంకో మాట లేదు.

నేను "అలాగేనండీ" అన్నాను.

నవ్వకండన్నానా! అన్నాను మరి. పెద్దవాళ్ళు చెబితే అలా అనడం అలవాటు. అన్నాక అప్పుడు ఒళ్ళు జలదరించింది. లోపలికి ఎలా వచ్చి పడ్డానో తెలియదు. తాగే నీళ్ళ క్యాను వంచి కళ్ళు కడుక్కున్నాను. ఫోను టార్చి వేసి వాకిలి నుంచే చూశాను. రోలు ఉంది. రోలు పక్కన ఎవరూ లేరు. తడి బండల మీద నా పాదాల గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. పెరటి గేటుకు లోపలి నుంచి నేను పెట్టిన గడియ అలాగే ఉంది. పక్కింటికి తాళం, వాళ్ళు ఊళ్ళో లేరు.

చేతిలో ఫోను ఉంది. మా వారి నంబరు ముందే కనిపిస్తోంది. నొక్కితే ఆ ఇల్లు నాది కాదు. దాన్ని పట్టుకుని కూర్చున్నాను గానీ నొక్కలేదు. అంత మొండిదాన్ని. పైగా ఆ గొంతులో భయపెట్టేదేమీ లేదు... అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. దుప్పటి ముసుగుపెట్టుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ ఒక చుట్టు చుట్టి వచ్చాను. ఎప్పుడు నిద్రపట్టిందో నాకే తెలియదు.

తెల్లారి మా వారు వచ్చారు. "ఫోన్ రాలేదే?" అన్నారు, కాస్త నిరాశగానే. సంగతంతా చెప్పాను. ఆయన నవ్వుతూ మోటారు వెయ్యబోతే చెయ్యి పట్టుకుని లాగాను. ఊళ్ళో ఎలక్ట్రీషియన్ సత్తయ్యను పిలిపించాం. ఆయన రబ్బరు చెప్పులతో వచ్చి, ఎండు కర్రతో స్విచ్చు నొక్కి, టెస్టర్‌ని తడి గోడకు ఆనించాడు. వెలిగింది. ఇనప గొట్టానికి ఆనించాడు. ఇంకా బాగా వెలిగింది. మా వారి నవ్వు ఎక్కడికి పోయిందో!

సత్తయ్య స్విచ్చు ఆపి, "లోపల వైరు ఒలిసిపొయింది సార్. గోడ ఎండుంటే ఏం గాదు. రాత్రి అసొంటి వానల తడి చెయ్యి పెడితే..." అంటూ ఆగిపోయాడు.

పైన విమానం. సత్తయ్య మా వైపు అరచెయ్యి పైకెత్తి, నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. మోత పోయాక చెయ్యి దించి, "...మనిషి దక్కడు," అని అక్కడి నుంచే అందుకున్నాడు.

నేను ఆయన దించిన చేతినే చూస్తున్నాను.

"అన్నా, చెయ్యి ఎందుకెత్తారు?" అన్నాను.

"ఇమానం పోతుంటే మాట ఇనరాదు గదక్కా. జర ఆగుమని. మా ఊర్ల అందరం గంతే."

ఆశీర్వాదం కాదు... ఆగమని. నేను కాళ్ళకు దండం పెట్టేసరికి పాపం ఆ తల్లి ఏం చేస్తుంది, దీవించి ఊరుకుంది. "వాన పడ్డప్పుడు మాత్రం జర..." అక్కడ ఆగింది మాట. రాత్రి విమానం పోయాక మొదలైంది ఆ తర్వాతి మాట.

"ఆ రోజు ఆవిడ చెప్పే ఉంటుంది, నీ మనసులో ఉండిపోయి ఉంటుంది," అన్నారు మా వారు. చెప్పలేదండీ. చెప్పే మాట ఆపే కదా చెయ్యెత్తింది!

యాదయ్యకు ఫోన్ చేశాను. విషయం వినగానే కంగారుపడ్డాడు. "అయ్యో, తప్పయిందక్కా. మోటర్ ముచ్చట మాకెవ్వలకు ఎరుక లేదు, ఎప్పుడైనా మా అమ్మనే ఏస్తుండె. జర ఆమెకే ఇస్త, మాట్లాడుండ్రి."

"అవ్వా, రాత్రి ఎక్కడున్నావు?" అన్నాను. ఏం అడగాలో తెలియక.

"ఏడుంట బిడ్డా, తుక్కుగూడల్నే. కొత్తింట్ల నిద్ర రాకపాయె. వాన సప్పుడుకు యాదికొచ్చింది... నీకు మోటర్ ముచ్చట సగమే చెప్పిన. పానం ఒక్కటే పరేషాన్. పిలగాడేమో పండుకున్నడు, నాకు ఫోన్ చేసుడు రాదు. ఇగ మంచంల లేచి కూసుండి, మిగిలింది చెప్పేసిన."

"ఎవరికి చెప్పావవ్వా?"

"ఇంకెవలకు? ఇంటికి. నీకు చెప్పుమన్న." అని, మామూలుగా అడిగింది. "చెప్పిందా మరి?"

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. గోడ బాగుచేయించాం, ఆ ఇంట్లోనే హాయిగా ఉంటున్నాం, చిక్కుడుకాయలు సగం తుక్కుగూడ వెళుతూనే ఉన్నాయి. విమానం వస్తే నేనూ ఇప్పుడు మాట ఆపి చెయ్యెత్తుతున్నాను. కానీ మోత పోయాక వెంటనే అందుకోను. ఒక్క క్షణం ఆగుతాను... ముందు ఇల్లు ఏమైనా చెబుతుందేమోనని.