గోడకు ముందు చీర

పొద్దున్నే వంటింట్లోకి పోతుంటే మొహానికి చీర తగిలింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. మా హాలు మధ్యలో, కిటికీ ఊచ నుంచి ఎదుటి గోడ మేకు దాకా తాడు కట్టి నేనే వేలాడదీసిన చీర అది. మా అమ్మాయి చదువుకోవడానికి హాలులో కొంత భాగాన్ని జిప్సం బోర్డుతో గదిగా విడదీయాలి. నిజామాబాద్‌లో ఇలాంటి గోడలు నిలబెట్టడమే నా బతుకుదెరువు. మనుషులను పిలిస్తే సాయంత్రానికి ఇనుప ఫ్రేము లేస్తుంది. అయినా రోజుల తరబడి చీరే వేలాడుతోంది. మా ఆవిడకు ఓపిక చచ్చిపోయింది. "ఊరోళ్లందరి ఇండ్లల్ల గోడలు పెడ్తవు, మనింటికొచ్చేసరికి చీర కడ్తవు. వచ్చినోళ్లు ఇంట్ల ఎవరన్న బాలింత ఉన్నదా అని అడుగుతుండ్రు" అని చీరను విసురుగా పక్కకు నెట్టి పోయింది. ఆమె చిరాకు న్యాయమైనదే. ఒకప్పుడు ఇలా కట్టే చీర మీద ఇంతకంటే ఎక్కువ చిరాకు పడ్డవాణ్ణి నేను.

ఆ చిరాకు పేరు సత్యం గారు. వాళ్ల తాతగారు కోస్తా నుంచి వచ్చి రుద్రూర్ దగ్గర కాలువ కింద భూమి కొని చెరకు వేశారు. సత్యం గారికి చెరకు మీద మనసు లేదు. బోధన్ రోడ్డులో షాపు తెరిచి జిప్సం గోడల పని మొదలుపెట్టారు. నేను ఆయన దగ్గర పనికి కుదిరేనాటికి ఆ గోడ అంటే జనానికి నవ్వులాట. వేలితో కొట్టి చూసి, "గిది గోడనా, అట్టపెట్టెనా?" అనేవాళ్లు. "అట్టపెట్టెనే. మీ ఇంట్లో ఎవరైనా గోడను గుద్దుకుంటూ తిరుగుతారా?" అని ఆయన ఎదురు అడిగేవారు. వచ్చిన బేరం అక్కడే సగం పోయేది.

మిగిలిన సగం చీర వల్ల పోయేది. ఎవరింట్లో గోడ కావాలన్నా, ముందు అది వచ్చే చోట తాడు కట్టించి, ఆ ఇంటి చీరనే ఒకదాన్ని అడిగి వేలాడదీసేవారు. "కొన్నాళ్లు దీంతో మసలండి. తర్వాత మాట్లాడదాం" అని లేచి వచ్చేసేవారు. కొందరు ఆ కొన్నాళ్లలోనే మరొకరిని పిలిచి గోడ కట్టించేసుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "నేల మీద సుద్దతోని గీత గీసినం గద సార్, గది సాలదా?" అని ఒకసారి అడిగాను. "గీతను దాటేస్తారయ్యా. చీరైతే మొహానికి తగుల్తది. తిట్టుకుంటారు. ఏ చోట తిట్టుకున్నారో అదే మనకు కావాల్సింది" అన్నారు. ఆ జవాబుకు నా చిరాకు ఇంకాస్త పెరిగింది.

కోటగిరిలో ఒక రైతు ఇంట్లో మేకు గురించి ఒక పూటంతా గడిపారు. జిప్సం బోర్డు వెనక డొల్ల. బరువు తగిలించాలంటే ఎక్కడో ముందే తెలిస్తే లోపల చెక్క పెట్టుకోవచ్చు. "ఈ గోడకు ఏం తగిలిస్తారు?" అని సత్యం గారు అడిగితే, ఆ రైతు మీసం తిప్పి "ఏమీ తగిలించం. గోడ గోడలాగే ఉంటది" అన్నాడు. "గడియారం?" "వద్దు." "క్యాలెండరు?" "వద్దండీ." "మీ నాన్నగారి ఫొటో?" రైతు మీసం మీంచి చెయ్యి తీశాడు. అంతదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన భార్య అందుకుంది. ఫొటో, దాని పక్కన దేవుడి అర, టీవీ, మనవరాలి డ్యాన్సు బహుమతులు, గొడుగు. "గొడుగు కూడానా?" అన్నాడు రైతు. "అసలు జనం ఇంట్లో గోడ ఎందుకు కడతారండీ? మేకు కొట్టుకోవడానికే" అన్నారు సత్యం గారు. ఆమె పడీపడీ నవ్వింది. నేను మాత్రం బయట స్కూటరు మీద కూర్చుని, ఈ మనిషి దగ్గర పని చేస్తే ముసలివాణ్ణయిపోతానని అనుకున్నాను.

ఇప్పుడు ఈ కాగితం రాయడానికి కారణమైన సంగతికి వస్తాను. చెరకు నరికే రోజుల్లో ఆయన పొలానికి పోయి అక్కడే ఉండేవారు. ఆ యేడు పోతూ పోతూ "చీర కట్టకుండా ఎక్కడా గోడ ఎత్తకు" అని నాకు చెప్పి మరీ పోయారు. నిజామాబాద్ పాతబస్తీ సందులో గంగవ్వ అనే బీడీలు చుట్టే ఆమె కొడుకు, పెండ్లి దగ్గరపడింది, కొత్త గది కావాలని షాపుకు వచ్చాడు. కుర్రాడు తొందరలో ఉన్నాడు. నేను అంతకంటే తొందరలో ఉన్నాను. చీరా లేదు, తాడూ లేదు. ప్లాను నేనే గీశాను, గోడ నేనే నిలబెట్టించాను. నున్నగా, తెల్లగా, వంకర లేకుండా వచ్చింది. కిటికీ కొత్త గదిలోకి పోయింది. కొత్త జంటకు గాలి కావాలి కదా అనుకున్నాను. గంగవ్వ కొడుకు నాకు మిఠాయి తినిపించాడు.

సత్యం గారు తిరిగి రాగానే గోడ చూస్తానని బయల్దేరారు. మేము పోయేసరికి గంగవ్వ గడప మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆటోలు పోతుంటే సందులో దుమ్ము లేచి తునికాకు మీద పడుతోంది. "ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావేం?" అని అడిగారు. "లోపట ఉడుకపోస్తుంది సారూ. గీడనే మంచిగున్నది" అంది. ఆయన లోపలికి పోయారు. ఇంతకుముందు ఆమె కూర్చునే కిటికీ కింది చోటు కొత్త గదిలోకి పోయింది, ఆమెకు మిగిలిన హాలులో, నా తెల్ల గోడకు ఇవతల, చీకటి. అక్కడ నేల మీద చతికిలబడి, న్యూస్ పేపరు తెరిచారు. కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు. చివరికి మడిచి నా చేతికిచ్చారు.

"లైటేసుకుంటది గద సార్" అన్నాను.

"పట్టపగలు లైటేసుకుని బీడీలు చుట్టే ఆడమనిషిని ఈ సందులో ఒక్కర్ని చూపించు" అని ఆయన అరిచిన అరుపుకు గంగవ్వ చేట పట్టుకుని లేచి నిలబడింది. "ఆని తప్పేం లేదు సారూ. నా కొడుకు ముచ్చట పడి పెట్టిచ్చుకున్నడు, వద్దని నేనెట్లంట?" అంది.

గోడ విప్పించి జరిపించారు. కిటికీ మళ్లీ హాలుకు వచ్చింది, గంగవ్వ మళ్లీ దాని కిందికి వచ్చింది. గది చిన్నదయింది. కొడుకు మండిపడ్డాడు. బోర్డులు బయటికి మోస్తుంటే సందు సందంతా చూసింది. "ప్లాను నాదే, నేనే తప్పు గీశాను" అని సత్యం గారు అందరి ముందూ అన్నారు. షాపుకు తిరిగి వచ్చాక, ప్లాను గీసింది నేను గద సార్ అని నసిగాను. "షాపు బోర్డు మీద నా పేరుందయ్యా. నీ పేరు రాసుకున్ననాడు నువ్వు చెప్పుకో" అన్నారు. ఆ మాటలో కోపం కూడా లేదు. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

కొన్నాళ్లకు నా పేరు రాసుకున్నాను. అదే రోడ్డులో, కాస్త ముందుకు, నా షాపు. అప్పుడు నేను చెప్పుకున్నది ఇది: "సత్యం సారా? మంచోడే. గని తన గోడ తనే పీకిచ్చుకున్నడు. గంగవ్వ ఇంట్ల అడుగుండ్రి." జనం నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు నాకు పని ఇచ్చేవాళ్లు. ఆయన షాపు నా మాట వల్లే మూతపడిందని అనను, ఆయన నోరు కూడా దానికి తగినంత సాయం చేసింది. కానీ ఆయన రుద్రూర్ పొలానికి తిరిగి పోయిననాడు నేను పోయి పలకరించలేదు.

పోయిన వానాకాలం సత్యం గారు చనిపోయారు. కర్మ రోజు భోజనాల దగ్గర మా వృత్తి వాళ్లం ఒక వరసలో కూర్చున్నాం. ఎవరో ప్రేమగానే ఎత్తుకున్నారు. "గసుంటి మనిషి మళ్ల పుట్టడు. తన గోడ తనే పీకిచ్చుకున్నడు సూడు." వరసంతా నవ్వింది. అంత మనిషి గురించి ఈ ఊళ్లో మిగిలినది నా అబద్ధం ఒక్కటే. "అది ఆయన గోడ కాదు, నేను కట్టింది" అన్నాను. పక్కన కూర్చున్న ఫ్రేముల వ్యాపారి నా విస్తట్లో ఇంకో బూరె వేయించి, "ఊకో అన్నా. గా ముచ్చట మాకు చెప్పిందే నువ్వు" అన్నాడు. ఆ తర్వాత ఎంతమందికి చెప్పినా అంతే. చనిపోయినాయన మీద గౌరవంతో అంటున్నానని మెచ్చుకుంటారు. అబద్ధాన్ని ఊరికి అంటించడానికి ఒక టీ చాలింది. నిజం ఎన్ని టీలు తాగించినా అంటుకోవడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొన్న బోధన్‌లో ఒక ఇంటికి పోయాను. తాడు కట్టి చీర అడిగితే ఆ ఇంటావిడ నడుము మీద చేతులు పెట్టుకుంది. "గిదేం కథ? గోడకని పిలిస్తే చీరలడుగుతవేంది? గీ పని ఎవరు నేర్పిండ్రు నీకు?"

"సత్యం గారని, మా సారు."

"ఓ, గాయననా? తన గోడ తనే పీకిచ్చుకున్నాయన గదా!"

"కాదమ్మా. ఆ గోడ నాది. చీర కట్టకుండా కట్టిన. ముసలామె వెలుతురు మూసిన. ఆయనొచ్చి తీపిచ్చిండు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరి నీతోని ఎట్ల కట్టిచ్చుకోవాలె?"

నేను తాడు ముడి బిగించి, "పాతదైనా పర్వాలేదమ్మా, మీరు రోజూ కట్టుకునే చీరొకటి ఇయ్యండి" అన్నాను. గొణుక్కుంటూనే లోపలికి పోయింది. బీరువా తలుపు చప్పుడైంది.