అచ్చులమ్మ కట్టలో పరాయి కార్డులు

వీధిలో ఆమెను అందరూ అచ్చులమ్మ అనేవారు. రబ్బరు ముక్క మీద ఆకో పువ్వో పిట్టో చెక్కి, సిరా అద్ది, మందపాటి కాగితం మీద గుద్ది, రిబ్బను ముడి వేసి గ్రీటింగ్ కార్డులు చేస్తుంది కాబట్టి ఆ పేరు. ఇంట్లోవాళ్ళు మాత్రం చాటుగా ఇంకో పేరు పెట్టుకున్నారు, పోలీసమ్మ అని.

దానికీ కారణం లేకపోలేదు. పాలు పోయించుకుంటే గిన్నెను వెలుతురుకు పట్టి చూసేది. కొన్న కూరగాయలు ఇంటికొచ్చాక మళ్ళీ తూచేది. గోడ మీద బల్లి కదిలినా దాన్ని ఎవరో పని మీద పంపినట్టే చూసేది. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. ఒక సాయంత్రం అతను కొత్త సబ్బు వాసనతో ఇంటికొచ్చాడు.

"ఎవరింట్లో చేతులు కడుక్కున్నావు?"

"స్కూల్లో సబ్బు మార్చారే."

సరేనని తలూపింది. మర్నాడు వీధి చివర యూనిఫాంలో కనిపించిన పిల్లను ఆపి, స్కూల్లో సబ్బు ఏ రంగుదో కనుక్కున్నాక గానీ ఆమెకు అన్నం సహించలేదు.

ఈ అనుమానం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు, మామగారు నేర్పింది. ఆయన ఆఫీసులకు రబ్బరు సీళ్ళు చెక్కే మనిషి. అక్షరాలన్నీ తిరగేసి, అద్దంలో చూసినట్టు కోయాలి. ఆ పనిలో ఆయనకు సాటి లేరని పేరు. కొత్త కోడలుగా వచ్చిన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చెక్కపిడికి రబ్బరు అంటించడం ముందు నేర్పాడు. ఆ తర్వాత నేర్పింది మనుషుల్ని చూడడం.

"సీలు కావాలని వచ్చినవాడి కాగితం తర్వాత చూడు. ముందు మొహం చూడు. దొంగ సీలు చేయించుకునేవాడు మన వైపు చూడడు, గోడ వైపు చూస్తాడు."

అప్పటినుంచి ఆమె గోడ వైపు చూసినవాళ్ళెవరినీ నమ్మలేదు.

తర్వాత మెషీను సీళ్ళొచ్చాయి, వాటంతటవే సిరా పూసుకునేవి. మామగారి కొట్టుకు తాళం పడింది. ఆ మరుసటి ఏడాదే పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నడక మెల్లగా వచ్చింది, మాటా వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. కొట్లో మిగిలిన రబ్బరు రేకుల్ని పారెయ్యబుద్ధి కాక అచ్చులమ్మ వాటి మీద ఒక గొడుగు చెక్కింది. తర్వాత ఒక పిట్ట, ఒక కెటిల్, ఒక తీగ. ముసలాయన వాటిని చూసి మూతి విరిచాడు.

"సీలంటే దాని కింద ఒక మనిషి బాధ్యత ఉండాలి. పిట్టకేం బాధ్యత ఉంటుంది?"

ఆమె పట్టించుకోలేదు. కార్డులు పెద్దవీధిలోని స్టేషనరీ షాపులో నడిచాయి. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె బల్ల, బల్లకు ఎదురుగా మామగారి వాలుకుర్చీ. మేడ మీద మరిదీ, తోటికోడలూ ఉండేవారు. చిన్నకోడలికి మందుల షాపు కౌంటర్లో ఉద్యోగం, మధ్యాహ్నం డ్యూటీ. అచ్చులమ్మ ఆ వేళకు అట్టలు కోయించుకోవడానికి ప్రెస్సుకు వెళ్ళేది. చిన్నకోడలు కిందికి దిగి, మామగారికి మాత్రలిచ్చి, కార్డుల కట్ట చంకన పెట్టుకుని, దారిలో షాపులో పడేసి పోయేది. ఎప్పటినుంచో సాగుతున్న ఏర్పాటు అది.

ఒకరోజు అచ్చులమ్మ సిరా కొనడానికి ఆ షాపుకే వెళ్ళింది. షాపావిడ అరలోంచి మూడు కార్డులు తీసి ముందు పెట్టింది.

"ఏమనుకోకండి, ఈమధ్య కొన్ని తేడాగా వస్తున్నాయి. ఒంట్లో బాగుండడం లేదా?"

అచ్చులమ్మ కార్డు పట్టుకుని చూసింది. పిట్ట తనదే, తోక దగ్గర కత్తి జారిన గీత కూడా తనదే. కానీ పిట్ట ఎగురుతున్నట్టు కాక కింద పడుతున్నట్టుంది. ఒక పక్క సిరా ముద్ద కట్టింది. ఆమె ముడి వేస్తే చెవులు రెండూ సమంగా ఉండేవి. ఇందులో ఒక చెవి ఏనుగుది, ఒకటి ఎలుకది. రిబ్బను కొస నమిలి ఉమ్మేసినట్టు నలిగింది. పైగా అది ఇటుకరంగు రిబ్బను. ఆ రంగు ఆమె జన్మలో కొనలేదు.

"ఇవి నావి కావు," అంది.

"మీ కట్టలోనే వచ్చాయి మరి."

ఇంటికి వచ్చే దారంతా ఆమె బుర్ర చకచకా పనిచేసింది. ఎవరో తన అచ్చులతోనే చెత్త కార్డులు చేసి, తన కట్టలోకే దూర్చి, తన పేరు మంట కలుపుతున్నారు. అచ్చులు ఇల్లు దాటవు. కట్ట ఒక్క చేతి మీదుగానే షాపుకు వెళ్తుంది. పోయిన ఏడాది ఆ చేతి మనిషే వచ్చి, "అక్కా, నాకూ నేర్పవా?" అని అడిగితే, "ఇది కాలక్షేపానికి చేసే పని కాదమ్మాయ్," అని తను కసిరింది. ఆ పిల్ల అప్పుడు గోడ వైపు చూసింది.

ఇంకేం కావాలి? అయినా సాక్ష్యం లేనిదే మాట తూలకూడదని, మర్నాడు ప్రెస్సుకు వెళ్ళేముందు అచ్చుల చెక్కపిడులకు సుద్దపొడి పలచగా రాసింది. తిరిగి వచ్చి చూస్తే పిట్ట అచ్చు పిడి మీద పొడి చెరిగిపోయి ఉంది. మామగారు కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఆయన మెడ మీదా చొక్కా మీదా తెల్లగా ఉంది గానీ, ఆయనకు పొద్దున్నా సాయంత్రమూ పౌడరు పట్టించుకునే అలవాటు. దాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. పొద్దువాలాక చిన్నకోడలు డ్యూటీ నుంచి వచ్చింది. ఆమె నల్ల చున్నీ అంచున తెల్లటి మరక.

అచ్చులమ్మ మెట్ల దగ్గరే ఆపేసింది.

"ఆ మరకేంటి?"

చిన్నకోడలు చూసుకుంది. ఒక్క క్షణం ముందుగది వైపు చూసింది. "ఏదో అంటుకుందక్కా."

"అంటుకుంది నా అచ్చుల మీది సుద్ద. నా కట్టలో నీ వంకర కార్డులు కలుపుతున్నది నాకు తెలీదనుకున్నావా? నేర్పలేదని కసి ఉంటే నా మొహాన అనొచ్చు. ఇలా వెనక నుంచి గోతులు తవ్వడం దేనికి?"

చిన్నకోడలి మొహం పాలిపోయింది. భుజాన ఉన్న సంచీ సర్దుకుని, "రేపట్నుంచి నీ కట్ట నేను పట్టుకెళ్ళను," అని మెట్లెక్కింది. లోపల్నుంచి మామగారు గట్టిగా దగ్గాడు. మంచినీళ్ళు కావాలేమోనని అచ్చులమ్మ గ్లాసు పట్టుకెళ్ళింది. ఆయన తాగలేదు.

దొంగ దొరికిందన్న ఊరట వారం కూడా నిలవలేదు. కట్ట ఇప్పుడు భర్త వ్యానులో పెట్టుకెళ్ళి ఇస్తున్నాడు. అయినా షాపావిడ ఫోన్ చేసి, ఇటుకరంగు రిబ్బనువి మళ్ళీ రెండు వచ్చాయని చెప్పింది. చిన్నకోడలు కిందికి దిగడమే మానేసింది. మామగారు తన మాత్రలు తనే తంటాలు పడి విప్పుకుంటున్నాడు. మరింకెవరు? అచ్చులమ్మ అనుమానం మేడ దిగి సొంత మంచం దాకా వచ్చింది. భర్త అన్నానికి కూర్చుంటే అతని గోళ్ళలో సిరా ఉందేమోనని వంగి చూసింది.

"ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదు. గోళ్ళు పెరిగాయి."

"నీ చూపుకే అరిగిపోతాయిలే," అన్నాడతను.

ఆ మర్నాడు ప్రెస్సులో కరెంటు పోయింది. కోత మెషీను ఆగిపోయేసరికి, అట్టలు అక్కడే వదిలేసి అచ్చులమ్మ వేళకు ముందే ఇంటిదారి పట్టింది. గుమ్మం ఎక్కబోతూ, కిటికీ తెర సందులోంచి బల్ల దగ్గర ఏదో కదలడం చూసి ఆగిపోయింది.

ఆమె కుర్చీలో మామగారు కూర్చుని ఉన్నాడు.

పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, కాగితం జరగకుండా బరువులా దాని మీద పెట్టుకున్నాడు. పిట్ట అచ్చు తీసి, సిరా అద్ది, ఊపిరి బిగబట్టి గుద్దాడు. ఎత్తి చూసుకున్నాడు. తల అడ్డంగా ఆడించాడు. ఇంకో కాగితం పెట్టి మళ్ళీ గుద్దాడు. అది కాస్త నచ్చినట్టుంది. జేబులోంచి ఇటుకరంగు రిబ్బను తీసి కార్డు చిల్లుల్లోంచి దూర్చి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండోది ఎడమచేత్తో తిప్పాడు. ముడి జారిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది. మెడనరాలు బిగిసి, కళ్ళలో నీళ్ళు తిరిగినా రిబ్బను వదల్లేదు. ముడి పడ్డాక ఆమె కట్ట విప్పి, సరిగ్గా మధ్యలో ఆ కార్డు పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కట్టాడు.

అచ్చులమ్మ గోడకు చేరబడింది. దొంగ కళ్ళెదుటే దొరికాడు. ఒక్క అడుగు వేస్తే చాలు, ఆమె వెయ్యలేదు. చిన్నకోడలు ఆరోజు ముందుగది వైపు ఎందుకు చూసిందో, ముసలాయన ఎందుకు దగ్గాడో ఇప్పుడు వరసగా అర్థమవుతున్నాయి. ఆమె వీధి చివరిదాకా వెళ్ళి, కాసేపు ఊరికే నిలబడి, చెప్పులు గట్టిగా చప్పుడు చేసుకుంటూ తిరిగి వచ్చింది. మామగారు వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవికి ఇటుకరంగు పోగు ఒకటి అంటుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే మేడ మీదికి వెళ్ళింది. చిన్నకోడలు బట్టలు ఆరేస్తోంది.

"నీకు ముందే తెలుసా?"

"దేని గురించి?"

"మామయ్య గురించి."

చిన్నకోడలు చేతిలోని దుప్పటి దులిపి తాడు మీద వేసింది. "రిబ్బను ఎవరు తెచ్చారనుకున్నావు?"

"మరి ఆరోజే చెప్పొచ్చు కదా."

"ఒట్టేయించుకున్నారు. నీకు తెలిస్తే జాలిపడి నాలుగు మంచిమాటలు చెప్పి, ఆ కార్డులు పెట్టెలో దాస్తావట. షాపులో ఎవరైనా, ఎవరు చేశారో తెలీకుండా కొంటేనే పనికొచ్చినట్టట. నువ్వు నిలదీసిన రోజు ఆయన చేతికి సుద్ద అంటితే చున్నీతో తుడిచింది నేనే." ఇంకో దుప్పటి అందుకుంది. "అయినా నువ్వు నన్ను అడగలేదక్కా. తీర్పు చెప్పావు."

"తప్పయిపోయింది."

"అయింది," అంది చిన్నకోడలు. పర్లేదులే అనలేదు. తడిబట్టల బకెట్టు ఆ చివరికి జరుపుకుంది.

ఆ రోజు కట్ట, ముసలాయన మధ్యలో పెట్టిన కార్డుతో సహా, అచ్చులమ్మే తీసుకెళ్ళింది. తేడా కార్డులు తిరిగి ఇచ్చేస్తారేమోనని చెయ్యి చాపితే, షాపావిడ నవ్వింది.

"అవి పోయాయి. ఒక పెద్దావిడ ఏరుకుని మరీ పట్టుకెళ్ళింది. ఇవి మనిషి చేసినట్టున్నాయట. మిగతావి మెషీనువేమో అంది."

అచ్చులమ్మకు అది సూటిగా గుచ్చుకుంది. ఇన్నేళ్ళు గీత పక్కకు పోకుండా కొట్టిన అచ్చులు మెషీనువట. ఇంటికెళ్ళేదాకా ఉక్రోషంగానే ఉంది. గుమ్మం దగ్గర మాత్రం ఏం చెయ్యాలో తేల్చుకుంది. దాచి చేసే పనులు ఈ ఇంట్లో ఇక వద్దనుకుంది. బల్ల ఎదుట రెండో కుర్చీ వేసి మామగారిని పిలిచింది.

"మామయ్యా, పిట్ట గుద్దుతున్నది మీరేనని నాకు తెలుసు."

ఆయన గోడ వైపు చూశాడు. "తీసి పారేశావా?"

"అమ్ముడుపోయాయి. ఇంకా కావాలంటున్నారు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు, సీలు కోసం వచ్చినవాణ్ణి చూసినట్టు. "కల్పిస్తున్నావు."

ఎంత చెప్పినా నమ్మలేదు. చిన్నకోడల్ని పిలిపించి సాక్ష్యం అడిగాడు. ఆమె తనకు తెలీదంది, నిజంగానే తెలీదు. చివరికి ఆయనే, తన కళ్ళతో చూస్తే గానీ లాభం లేదన్నాడు. పిల్లల్ని దింపేశాక ఖాళీ స్కూలు వ్యానులో ఆయన్ని కూర్చోబెట్టుకుని, కొడుకూ ఇద్దరు కోడళ్ళూ పెద్దవీధికి తీసుకెళ్ళారు. షాపులో ఒక మూల స్టూలు వేయించుకుని, పెన్నులు కొనడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. ఇద్దరు కోడళ్ళూ ఫైళ్ళ అర వెనక, ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డారు.

ఎవరెవరో వచ్చి వెళ్ళారు. గ్రీటింగుల వైపు ఎవరూ పోలేదు. ముసలాయన మొహం నల్లబడుతోంది. ఇంతలో హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒక నడివయసు మనిషి వచ్చాడు. అచ్చులమ్మ చేసిన నున్నటి కార్డు తీశాడు, పెట్టేశాడు. పడిపోతున్న పిట్ట కార్డు తీశాడు, అదీ పెట్టేశాడు. గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి, పిట్ట కార్డే తీసుకుని డబ్బులిచ్చి పోయాడు. చిన్నకోడలు తనకు తెలీకుండానే అచ్చులమ్మ మోచెయ్యి పట్టుకుంది. తర్వాత గుర్తొచ్చి వదిలేసింది.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ముసలాయన కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సగం దారిలో ఉన్నట్టుండి తల తిప్పాడు.

"ఆ హెల్మెట్టు వాణ్ణి ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు మామయ్యా," అంది అచ్చులమ్మ. ఆ మాట అంటూనే చిన్నకోడలి వైపు అనుమానంగా ఒక చూపు విసిరింది. చిన్నకోడలు అదే చూపుతో తననే చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. చిన్నకోడలు ముందు ఆపుకుంది.

మామగారు ఎవరి మాటా నమ్మలేదు. కానీ మర్నాడు భోజనం కాగానే తనంతట తనే వచ్చి, రెండో కుర్చీలో కూర్చుని, పిట్ట అచ్చు ఇటివ్వమని ఎడమచెయ్యి చాపాడు.