స్టెల్లక్క అంకెలు వేసిన అర్జీ

మా అర్జీకి ఇప్పటిదాకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. అందినట్టు ముద్ర ఉంది, సంతకం ఉంది, జవాబు మాత్రం లేదు. ఈ ఉదయం తేదీ మార్చి మళ్ళీ ప్రింటు తీశాను. ప్రింటరులోంచి వచ్చిన వెచ్చటి కాగితం వాసన తగలగానే స్టెల్లక్క గుర్తుకొచ్చింది. అప్పటినుంచీ కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మీరు ఆమెను ఎరగరు. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికులకు కట్టించిన లైను ఇళ్ళలో మాకు నాలుగిళ్ళ అవతల ఉండేది. ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్ళిపత్రికలు, అర్జీలు టైపు చేసేది. మా లైనుకు కొళాయి లేదు. ట్యాంకరు వస్తేనే నీళ్ళు. అర్జీ పెడదామని అందరినీ కూడగట్టి ఆమె దగ్గరికి తీసుకువెళ్ళింది నేనే.

అక్కడే గొడవ మొదలైంది. ప్రతి ఇంటివాళ్ళకూ తమ మాటకే ఒకటో అంకె కావాలి. "మా కప్పు కారతా ఉండాది, మాది ముందు వెయ్యి," అన్నారొకరు. "మీ కప్పు ఎప్పుడు కారలేదప్పా? మా వాకిట్లో మోరీ మురుగు పొంగతా ఉండాది, వచ్చి చూడు," అన్నారింకొకరు. విసిగిపోయి, అంకెలే వద్దు, అందరికీ చుక్కలు పెట్టమన్నాను. స్టెల్లక్క నావైపు చూసి, "పెడతా గాని, తిరిగొస్తాది చూడు," అంది.

తిరిగే వచ్చింది. మునిసిపల్ ఆఫీసు కౌంటరులో గుమాస్తా కాగితాన్ని వేలితో మీటి, "ఇన్ని చుక్కలుండాయి, ఏ చుక్కకని జవాబు రాసేది? పోయి ముగ్గేసుకోప్పా," అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆ నవ్విన ముఖాలు ఒక్కటీ మరిచిపోలేదు.

వెనక్కి తెచ్చి చెప్తే స్టెల్లక్క నవ్వలేదు. ఇళ్ళ పేర్లన్నీ తీసేసి నీళ్ళు, మోరీ, కప్పులు అని మూడు పేరాలు చేసింది. "ఎవురిదని కాదు, ఏందని రాయాల," అంది. దాన్నే టెంప్లేటుగా దాచింది. కొత్త పేరా మొదలుపెడితే అంకె దానంతటదే పడుతుంది. ఒక పేరా తీసేస్తే మిగతా అంకెలు సర్దుకుంటాయి. ఎవరికీ ఒకటో అంకె మీద హక్కు లేదు.

నేను ఊరుకోలేదు. గుమాస్తా చేసిన అవమానం నాలుగో పేరాగా వెయ్యమని పట్టుబట్టాను.

"ఇది వేస్తే దీనికొక్కదానికే జవాబు రాస్తారప్పా. సారీ అని ఒక లైను. నీళ్ళ మాట ఎగిరిపోతాది. నీకు సారీ కావాల్నా, నీళ్ళు కావాల్నా?"

"రెండూ కావాల."

"ఇంగ సారీకి వేరే అర్జీ పెట్టుకో. దానికీ టెంప్లేటు చేసిస్తా, పో."

ఆ రెండో అర్జీ నేను పెట్టలేదు. మొదటిదాన్ని మాత్రం వదల్లేదు. అధికారులు మారినప్పుడల్లా పైన పేరు మార్చి ఇస్తూనే ఉన్నాం. పోయిన ఎండాకాలం స్టెల్లక్క చనిపోయింది. ఆఖరి రోజుల్లో కూడా ట్యాంకరు హారను వినపడితే మంచం మీద లేచి కూర్చుని, "బిందె పెట్టినారా?" అని అడిగేది.

ఇప్పుడు ఆ ఫైలు నా దగ్గరుంది. తెరిచిన ప్రతిసారీ చెయ్యి నాలుగో పేరా కోసం దురద పెడుతుంది. వెయ్యను. నా కోపాన్ని ఇదిగో, ఇక్కడ రాసుకున్నాను. అర్జీలో నీళ్ళు, మోరీ, కప్పులు, అంతే. ఆ ఆఫీసులో అధికారి కుర్చీలో ఈ రోజు ఎవరు కూర్చున్నా సరే, ఒకటో పేరా చదవండి. మా లైనుకు కొళాయి వేస్తారా, వెయ్యరా? ఏదో ఒకటి రాసి పంపండి.