ముత్తమ్మ గొంతు మార్చేది లేదు

నేను నిర్మించిన మూడో సినిమా ఇది. మొదటి రెండూ థియేటర్ మొహం చూడలేదు. ఈసారి హైదరాబాద్‌లో కొనేవాడు దొరికాడు, షరతుతో. సినిమా పొడుగునా కోయ భాషలో మాట్లాడిన ముత్తమ్మకు వేరొకరితో తెలుగు డబ్బింగ్ చెప్పించాలట. సోమవారంలోగా తేల్చమన్నాడు. ఒక సీనుకు డబ్బింగ్ చేయించి ఫోన్‌లో వేసుకుని, ఆమెను ఒప్పిద్దామని ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఆరుంపావుకు ఖమ్మంలో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. పక్కసీటు పెద్దామె ఏం పని చేస్తావని అడిగింది. సినిమాలు తీస్తానన్నాను.

"హీరో ఎవరు?"

"హీరో లేడు. మీ వయసు ఆమే ఉంది."

"అయ్యో, పైసలు ఎక్కువైనయా బిడ్డా!"

ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా వింటున్న మాటే.

తొమ్మిదిన్నరకు భద్రాచలం. బస్టాండు ఎదుట ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీలో నీళ్లే ఎక్కువ. అక్కణ్ణుంచి అడవి అంచున, మేం సినిమా తీసిన ముత్తమ్మ ఊరికి ఆటో కిరాయి నాలుగు వందలు. మీరు వెళ్తే బేరమాడండి, నాకు చేతకాలేదు.

ముత్తమ్మ పెరట్లో మామిడి విరగకాసింది. మాటల్లో పడి ఒక కాయ కోయబోయాను. ఆమె చప్పున నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా! మామిడి పండుగ కాలే. ముందుగాల దేవతకు పెట్టాలె, ఊరంత తినాలె. గప్పటిదాంక ముట్టం. మొన్న కాయలు కొనే సేటు బండేసుకొని వచ్చిండు. ఎంతిచ్చినా ఇయ్య, పో అన్న."

సిగ్గుపడి చెయ్యి దించుకున్నాను. కాసేపటికి ఫోన్ తీసి ఆ సీను చూపించాను. ముత్తమ్మ ముందు కడుపుబ్బ నవ్వింది. తర్వాత మొహం ముడుచుకుంది.

"గిదేంది? మూతి నాది, మాట ఇంకోదానిది. నా గొంతు ఏం పాపం చేసింది?"

"తెలుగులో లేకపోతే కొననంటున్నాడమ్మా. కొనకపోతే ఇదీ మూలన పడుతుంది."

"మేమే ఇంక సూడలే. మా ఊళ్ల పండిందాన్ని మాకంటె ముందుగాల ఆయనకెట్ల ఇస్తవు?"

కొనేవాడికి మూడుసార్లు చూపించాను. వీళ్లకు ఒక్కసారీ చూపించలేదు. తప్పు ముమ్మాటికీ నాదే.

రెండింటికి బడి గది కిటికీలకు దుప్పట్లు కట్టి, ల్యాప్‌టాప్‌లో అసలు సినిమా వేశాను. ఊరంతా ఒకరి మీద ఒకరు పడి చూశారు. తెర మీద ముత్తమ్మ అడిగే ప్రశ్నలకు ఆడవాళ్లు కోయలోనే గట్టిగా జవాబులిచ్చారు. నాకు ఏడుపు ఆగలేదు.

అయిదున్నరకు భద్రాచలంలో తిరుగు బస్సెక్కాను. పాల్వంచ దాటాక హైదరాబాద్ నుంచి ఫోన్.

"ఆమె ఒప్పుకుందా మేడం?"

"లేదండీ. ఇప్పుడు నేనూ ఒప్పుకోను. గొంతు మార్చేది లేదు."

"అయితే ఈ సినిమా రిలీజే కాదు. తర్వాత బాధపడతారు."

"ఎందుకు బాధ? మధ్యాహ్నం రెండింటికే రిలీజైంది," అన్నాను. "కూర్చోడానికి చోటు లేదు."